మామిడి తొక్క ఏ డిపార్ట్‌మెంటుది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ అయింది. ఊరు బంగారుపాళెం దగ్గర. జూన్ వచ్చిందంటే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాసనకు ఇంట్లో అన్నం సయించదు. ఆ వ్యర్థాల మీదే పీహెచ్‌డీ చేయాలనుంది. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఎకనామిక్స్ మూడూ కలిపి చేస్తానంటే, గైడుగా ఉండటానికి ఒప్పుకున్నాయన "అన్నిట్లో వేలు పెడితే ఎందులోనూ మిగలవు, ఒక సబ్జెక్టులో కుదురుగా ఉండు" అన్నారు. ఇంకొకరేమో ఏనుగుల సమస్య మీద చేయమన్నారు. ఎవరి మాట వినాలి, ఇలా చేస్తే రేపు ఉద్యోగం వస్తుందా అని మీ టెన్షన్.

నేను తిరుపతిలో ముప్పై ఏళ్లకు పైగా నీళ్లు, మురుగు మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. మీ గైడు చెప్పినదాంట్లో సగం నిజముందమ్మా. థీసిస్‌లో ఒక చాప్టర్ కెమిస్ట్రీ, ఒకటి మైక్రోబయాలజీ, చివర్లో పది పేజీల ఎకనామిక్స్ పెట్టి కుట్టేసినవి ఎగ్జామినర్‌గా నేనే ఏడెనిమిది చూశాను. మొదటి చాప్టర్‌లో తేలిన సంగతి చివరి చాప్టర్‌కు తెలియనే తెలియదు. ఒకే అట్టలో మూడు చిన్న థీసిస్‌లు. మీరు అనుకుంటున్నది అదే అయితే ఆయన మాటే వినండి.

మిగతా సగం మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే నా చేతులు కాలిన కథ చెప్పాలి.

పదిహేనేళ్ల కిందటి మాట. చిత్తూరు వైపు ఒక ఫ్యాక్టరీ, పేరెందుకు లెండి. సీజన్ రెండు నెలలు, మహా అయితే రెండున్నర. బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉండేవి. లోపలికి పోయిన కాయ బరువులో మూడో వంతుకు తక్కువ కాకుండా తొక్క, టెంక రూపంలో వెనక గేటు నుంచి బయటికొచ్చేది. అంటే రోజుకు వంద టన్నుల కాయ ఆడితే ముప్పై టన్నులకు పైగా కుప్ప. రెండో రోజుకు పులుస్తుంది, మూడో రోజుకు పురుగు పడుతుంది. వాన పడితే ఆ రసమంతా పక్కనున్న చెరువు కాలవలోకి.

ఐదుగురం క్యాంటీన్‌లో కూర్చున్నాం. కెమిస్ట్రీ ఆయన తొక్కలోంచి పెక్టిన్, అదే జామ్‌ను గట్టిపరిచే పదార్థం, తీద్దామన్నాడు. ఇంకొకాయన టెంకలోని జీడి నుంచి కొవ్వు తీద్దామన్నాడు. అది ఉత్త మాట కాదు. కోకో బటర్‌తో పాటు చాక్లెట్‌లో కలపడానికి యూరప్ వాళ్లు 2000లో అనుమతించిన ఆరు కొవ్వుల్లో మామిడి జీడి కొవ్వు ఒకటి. నేను గ్యాస్ ప్లాంటు అన్నాను. కామర్స్ ఆయన అంతా విని "లారీ బాడుగ ఎవరిస్తారు?" అన్నాడు. అందరం నవ్వేశాం. ఆయనకు సైన్స్ తెలియదు కదా అని.

నిజానికి ఆ రోజు అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆయనొక్కడే. పచ్చి తొక్కలో బరువుకు ముప్పాతిక, ఇంకా ఎక్కువే నీళ్లు. పది టన్నుల లోడు పంపితే ఏడెనిమిది టన్నుల నీళ్లకు డీజిల్ తగలేసినట్టు. పెక్టిన్ యూనిట్ యాభై కిలోమీటర్ల అవతల ఉంటే లెక్క అక్కడే తెగిపోతుంది. ఎండబెట్టి పంపుదామంటే జూన్, జూలై మబ్బుల్లో ఆరదు, బాయిలర్ మీద ఆరబెడితే కట్టెల ఖర్చు. పైగా రెండు నెలల సరుకు కోసం పన్నెండు నెలల మిషనుకు బ్యాంకు వడ్డీ కట్టాలి. ఈ మూడు అడ్డంకుల్లో ఒక్కటీ కెమిస్ట్రీ పుస్తకంలో కనబడదు.

సరే, తొక్క ఉన్నచోటనే ప్లాంటు పెడదామని నా మాట నెగ్గించుకున్నాను. మూడు వేల లీటర్ల ట్యాంకు. మొదట పేడ నీళ్లతో నింపి, తర్వాత రోజూ తొక్క రుబ్బి పోశాం. పది రోజులు గ్యాస్ బ్రహ్మాండంగా వచ్చింది. ఫోటోలు కూడా దిగాం. మూడో వారంలో మంట అంటుకోవడం మానేసింది. మూత తీస్తే వెనిగర్ లాంటి ఘాటు. పీహెచ్ చూస్తే ఐదు దగ్గర ఉంది, అది ఏడు కంటే ఎంత తగ్గితే అంత పులుపు. సున్నం పోస్తే పెరిగింది, రెండు రోజులకు మళ్లీ పడిపోయింది. ఇంకోసారి పోశాం, మళ్లీ అంతే. ఈలోపు సీజన్ అయిపోయింది. గ్రాంటులో సగం కూడా.

ట్యాంకు ఖాళీ చేస్తున్న రోజున, తొక్క కోసం గంపతో వచ్చే ఒకావిడ మా పక్కన నిలబడి చూస్తోంది. ఇంట్లో రెండు జెర్సీ ఆవులు ఉన్నాయామెకు. ముక్కు మూసుకోకుండా లోపలికి తొంగి చూసి అంది: "మా ఆవుకొచ్చిందే మీ తొట్టికీ వచ్చింది సార్. తొక్క ఎక్కువ మేస్తే కడుపు పులిసిపోయి నెమరు వేయదు. ఒక పూట వరిగడ్డి, ఒక పూట తొక్క వేయాల. పులిసిందంటే తినే సోడా తాపాల."

ఆ మాటకు నేను కాసేపు బకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆవు మొదటి పొట్టలో జరిగేదీ, మా ట్యాంకులో జరిగేదీ దాదాపు ఒకటే పని. గాలి తగలని చోట సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ ఆమ్లాలను ఆవు ఒంటికి పట్టించుకుంటుంది. ట్యాంకులో అయితే వాటిని తినే ఇంకో రకం సూక్ష్మజీవులు ఉంటాయి, గ్యాస్ వాటి నుంచే. ఆమ్లం తయారుచేసేవి గంటల్లో రెట్టింపవుతాయి, దాన్ని తినేవి రెట్టింపవడానికి రోజులు పడతాయి. మామిడి తొక్కలో చక్కెర ఎక్కువ, నత్రజని తక్కువ. వరసబెట్టి పోస్తే వండేవాళ్లు ఎక్కువై తినేవాళ్లు లేని పెళ్లి ఇల్లవుతుంది. తినేవాళ్లకు పీహెచ్ ఏడుకు అటూ ఇటూ ఉండాలి, ఆరున్నర కిందికి దిగితే డీలా పడిపోతారు. ఆవులో దీన్ని వెటర్నరీ వాళ్లు అసిడోసిస్ అంటారు, పిల్లలకు పాఠంగానే చెప్తారు. ఆ పాఠం చెప్పే మేష్టారు మా బిల్డింగ్ నుంచి నడిచి వెళ్లే దూరంలో ఉండేవాడు. సాయంత్రం వాకింగ్‌లో నమస్కారం పెట్టుకునేవాళ్లం కూడా. ఆయన్ని పిలవాలని ఐదుగురిలో ఒక్కరికీ తోచలేదు, ఎందుకంటే మా లెక్కలో అది "ఎనర్జీ ప్రాజెక్టు".

రెండో సీజన్‌కు ఆయన వచ్చాడు. వచ్చీ రాగానే రెండు సంగతులు చెప్పాడు. తొక్కకు సగానికి సగం పేడ కలపమన్నాడు. చిత్తూరు జిల్లాలో పాడికి కొదవా, పేడకు కొదవా. పేడలో నత్రజని ఉంటుంది, పులుపును విరిచే గుణమూ ఉంటుంది. రెండోది నేను ఊహించనిది. మిగిలిన తొక్కను తరిగిన వరిగడ్డితో కలిపి, గాలి చొరకుండా తొక్కి, పాతర వేయమన్నాడు. పశువుల మేతకు జొన్న చొప్పను వేసే సైలేజ్ పాతర లాగే. గడ్డి ఆ నీళ్లను పీల్చుకుంటుంది, పులుపు తనంతట తానే కుళ్లును ఆపుతుంది. జూన్ తొక్క డిసెంబర్ దాకా నిలవుంటుంది. అందులో కొంత ఆవులకు, కొంత ట్యాంకుకు. మమ్మల్ని చంపిన రెండు నెలల సీజన్ సమస్యకు జవాబు పశువుల డాక్టర్ దగ్గర దొరికింది.

ఆ ఏడు గ్యాస్ నిలకడగా వచ్చింది. ఫ్యాక్టరీ బాయిలర్‌కు అది ఏ మూలకూ చాలదు, ఆ సంగతి వేరే. వాళ్ల క్యాంటీన్ పొయ్యికి సరిపోయింది.

నీళ్ల దగ్గర ఇంకో దెబ్బ తిన్నాం. చెరువు కాలవలో శాంపిల్స్ తీసే పని నాదే. ఉదయం తిరుపతిలో టిఫిన్ చేసి బయల్దేరి, పదకొండు గంటలకు సీసాలు నింపుకుని, మధ్యాహ్నానికి ల్యాబ్‌లో పెట్టేవాళ్లం. నీళ్లలోని మురికి కుళ్లేటప్పుడు ఎంత ఆక్సిజన్ తాగేస్తుందో చెప్పే లెక్క బీఓడీ. అది మరీ ఘోరంగా లేదు. కాలవల్లోకి, నదుల్లోకి వదిలే నీటికి మన నిబంధన లీటరుకు 30 మిల్లీగ్రాములు, పొలానికి పారించేదైతే 100. మా లెక్కలు ఆ చుట్టుపక్కలే తిరిగేవి. ఊళ్లో మాత్రం చేపలు తేలుతున్నాయని గొడవ. జనం పెంచి చెప్తున్నారని రిపోర్టులో ఒక వాక్యం కూడా రాసిపెట్టుకున్నాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. సోషియాలజీ చదివే ఒక అమ్మాయి తన సర్వే కోసం గొర్రెల కాపరులతో మాట్లాడి వచ్చి చెప్పింది: "సార్, ఫ్యాక్టరీ నీళ్లు వదిలేది రాత్రి రెండింటికట." ఆ వారం రాత్రంతా గంటకోసారి శాంపిల్ తీశాం. తెల్లవారుజామున తీసిన సీసా చూడ్డానికే బెల్లప్పాకంలా ఉంది. మా మిషన్లలో తప్పు లేదు, సీసా ముంచిన టైము తప్పు. ఆ టైము చెప్పింది ఇంటర్వ్యూ.

మీ గైడుకు చెప్పాల్సింది ఇదేనమ్మా. ఎకనామిక్సూ సోషియాలజీ చివరి చాప్టర్‌కు కాదు, మొదటి శాంపిల్ ఎక్కడ, ఎప్పుడు తీయాలో తేల్చడానికి కావాలి. ఇంకో శాఖ వాళ్లు మీ ఫలితాన్ని వివరించడానికి వస్తే ప్రయోజనం తక్కువ. మీ ప్రశ్నను మార్చడానికి వస్తేనే వాళ్లు వచ్చినట్టు లెక్క.

నీళ్ల గురించే ఇంకొకటి, త్వరగా చెప్పేస్తాను. కరువు ప్రాంతం కాబట్టి శుద్ధి చేసిన ఫ్యాక్టరీ నీళ్లు మాకివ్వండని రైతులే అడుగుతారు. బీఓడీ తగ్గించి ఇచ్చేస్తే సరి అనుకుంటాం. కానీ ఫ్యాక్టరీలో పైపులు, ట్యాంకులు కడిగేది కాస్టిక్ సోడాతో. అందులోని సోడియం ఏ సూక్ష్మజీవీ తినేది కాదు, బీఓడీ టెస్టులో కనబడేదీ కాదు. కొన్నేళ్లు పారిస్తే బంకమన్ను నేల బిగుసుకుపోయి నీరు ఇంకదు. ఇది నేల శాస్త్రం వాళ్లు రెండు నిమిషాల్లో చెప్పే సంగతి. కడిగిన నీళ్లకు వేరే పైపు వేస్తే సగం సమస్య తీరుతుంది. తిరుపతి వ్యవసాయ కళాశాలకు వెళ్లి ఒక పూట కూర్చోండి.

చుట్టూ ఎవరున్నారో కూడా చూసుకోండి. ఇంత చిన్న ఊళ్లో ఇన్ని ఉండటం నిజంగా అరుదు. 1954 నాటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, మహిళా విశ్వవిద్యాలయం, వెటర్నరీ యూనివర్సిటీ, వ్యవసాయ కళాశాల ఊళ్లోనే. 2015లో వచ్చిన ఐఐటీ, సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్ ఏర్పేడు వైపు. చిత్తూరు దారిలో గాదంకిలో వాతావరణ పరిశోధనశాల, అక్కడి రాడార్ వానమబ్బుల్ని, పైగాలుల్ని దశాబ్దాలుగా చూస్తోంది. 2021 నవంబర్ వానలకు స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట కారుతోందని కింది ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు నాకు ఒకటే అనిపించింది. పైన వాన ఎంత పడుతోందో కొలిచేవాళ్లు ఇక్కడే ఉన్నారు, చెరువుల గొలుసుకట్టు తెలిసినవాళ్లు ఇక్కడే ఉన్నారు, కట్టలు కట్టే ఇంజినీర్లూ ఇక్కడే. వీళ్లందరూ ఒక టేబుల్ దగ్గర కూర్చోవడం మాత్రం వరద వచ్చాకే. మీలాంటి రీసెర్చ్ స్కాలర్‌కు ఉన్న సౌకర్యం ఏమిటంటే, ప్రొఫెసర్లు ఒకరి గది గడప ఒకరు తొక్కకపోయినా స్కాలర్ ఎవరి గదికైనా పోవచ్చు. అహం అడ్డురాదు.

ఇక కాగితాల సంగతి. 2022 యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం అదే సంస్థలో వేరే శాఖ నుంచి గానీ, వేరే సంస్థ నుంచి గానీ కో-సూపర్‌వైజర్‌ను పెట్టుకోవచ్చు. మీ గైడు మీ శాఖ ఆయనే ఉండాలి, కో-గైడు వెటర్నరీ నుంచో మైక్రోబయాలజీ నుంచో. ఇద్దరు చాలు, ముగ్గురైతే మీ టైమంతా వాళ్ల సంతకాల చుట్టూ తిరగడానికే పోతుంది. కోర్సువర్క్‌లో ఒక పేపర్ బయటి శాఖలో చేయడానికి ముందే అనుమతి అడగండి. పేపర్ రాసేటప్పుడు ఎవరి పేరు ముందు ఉండాలో డేటా రాకముందే మాట్లాడుకోండి. నేను చూసిన ఉమ్మడి ప్రాజెక్టులు డబ్బు చాలక ఆగినవి తక్కువ, ఈ ఒక్క విషయం మాట్లాడుకోక ముక్కలైనవే ఎక్కువ. డేటా కాపీ మీ దగ్గర ఒకటి తప్పకుండా ఉంచుకోండి.

ఒకే మాటకు ఒక్కో శాఖలో ఒక్కో అర్థం ఉంటుంది, అది కూడా ముందే తేల్చుకోవాలి. మా టీంలో "లోడు" అంటే ఇంజినీర్‌కు రోజుకు ట్యాంకులో వేసే ఘనపదార్థం, కామర్స్ ఆయనకు లారీ, నాకు కాలవలో కలిసే కాలుష్యం. మూడు మీటింగులు ఈ గందరగోళంలోనే గడిచాయి. ఒకరు ఎండు బరువులో, ఒకరు తడి బరువులో లెక్క రాస్తే నాలుగైదు రెట్ల తేడా వస్తుంది. అన్నీ ఎండు బరువులో రాయండి, పక్కన తేమ శాతం వేయండి.

ఉద్యోగం అడిగారు కదా. ఇక్కడ దాపరికం లేకుండా చెప్తాను. నా స్టూడెంట్ ఒకతను ఒక ఇంటర్వ్యూకు పోతే "ఇంతకీ నీది ఏ సబ్జెక్టయ్యా?" అని అడిగి పంపించేశారట. మంచి పని చేసినవాడు. లెక్చరర్ పోస్టుల దగ్గర ఈ ముద్ర ఇంకా పోలేదు. అందుకే డిగ్రీ మీ శాఖ పేరు మీదే ఉండాలి, ఒక్క పరిజ్ఞానం మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేనంత గట్టిగా ఉండాలి. మీ విషయంలో అది తొక్క పులియడం, గ్యాస్ అవడం అనుకోండి. రేపు ఎవరైనా "నీది ఏ సబ్జెక్టు?" అంటే నాలుగు మాటల్లో చెప్పగలగాలి. మిగతా శాఖల్లో మీకు కావాల్సింది వాళ్ల భాష అర్థమయ్యేంత, సరైన ప్రశ్న అడిగేంత. కాలుష్య నియంత్రణ పనుల్లో, కన్సల్టెన్సీల్లో, ఫుడ్ కంపెనీల్లో మాత్రం రైతుతోనూ ఫ్యాక్టరీ మేనేజర్‌తోనూ మాట్లాడటం వచ్చినవాళ్లకే ముందు పిలుపు వస్తుంది. ఇది మా పిల్లల్లో చూసి చెప్తున్నాను.

ఏనుగులా? విషయం గొప్పదే. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి కుప్పం, పలమనేరు వైపు వచ్చి కౌండిన్య అడవిలో స్థిరపడిన మందలవి. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు, 2025లో కర్ణాటక నుంచి కుంకీలనూ, అంటే అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులనూ తెచ్చారు. కంచె కరెంటు సంగతి, ఏనుగు బుద్ధి సంగతి, చెరకు బదులు రైతు ఏం వేస్తే గిట్టుతుందన్న సంగతి, నష్టపరిహారం ఎన్నాళ్లకు చేతికొస్తుందన్న సంగతి, అన్నీ ముడిపడి ఉంటాయి. కానీ అటవీ శాఖ అనుమతులకే ఏడాది పోవచ్చు, మందను వెంబడించడానికి ఏళ్లు కావాలి, ఇంటి నుంచి పలమనేరు రాత్రిళ్లు ఎవరు పంపుతారు. మీ గుమ్మం ముందున్న తొక్క కుప్పను వదిలి అంత దూరం ఎందుకు?

పైగా తొక్క సమస్య ధరతో కూడా ముడిపడే ఉంది. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోతే కిలోకు 12 రూపాయలని నిర్ణయించారు, 8 ఫ్యాక్టరీ, 4 ప్రభుత్వం. అలాంటి ఏడాదిలో ఫ్యాక్టరీలు కొనడం తగ్గిస్తే తొక్క కుప్ప తగ్గుతుంది, రోడ్డు పక్కన పారబోసిన కాయల కుప్ప పెరుగుతుంది. వ్యర్థం ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతుందంతే. మీ లెక్కలో రెండూ ఉండాలి. లేకపోతే ఆ ఏడు కాలుష్యం తగ్గిందని రాసేస్తారు.

రిజిస్ట్రేషన్‌కు ముందే వచ్చే జూన్‌లో ఒక పది రోజులు ఖాళీ పెట్టుకోండి. ప్రశ్న ఇంకా రాయొద్దు, ప్రపోజల్ అసలే వద్దు. ఫ్యాక్టరీ వెనక గేటు దగ్గర ఎన్ని ట్రాక్టర్ల తొక్క బయటికి పోతోంది, ఎవరు తీసుకెళ్తున్నారు, డబ్బిచ్చి తీసుకెళ్తున్నారా తీసుకుని తీసుకెళ్తున్నారా, టెంకలు ఏరేదెవరు, కూలి ఎంత, ఎవరి ఆవులు ఎంత మేస్తున్నాయి, అవన్నీ రాసుకోండి. రాత్రి పూట అన్ననో నాన్ననో వెంట పెట్టుకుని రెండు రాత్రులైనా కాలవ దగ్గర కాపు కాయండి. గంపలతో వచ్చే ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు నోటుబుక్కు బయటికి తీయొద్దు, ఇంటికొచ్చాక రాసుకోండి. ఇంకో మాట, గమ్‌బూట్లు కొనుక్కోండి. పులిసిన తొక్క మీద చెప్పులేసుకుని నడిస్తే జారి పడతారు, నేను పడ్డాను.